తలుపు తీస్తే మనిషుండాలి

మొన్న మా మనవరాలితో కలిసి వీడియో కేసెట్లు అద్దెకిచ్చే షాపుకి వెళ్ళాను. ఆ పిల్ల కౌంటరు మీద మోచేతులు ఆనించి, "సస్పెన్స్ పిక్చర్ ఏదన్నా ఇవ్వండి. గుండె దడదడలాడాలి, కానీ దెయ్యాలుండకూడదు" అంది. షాపతను తెల్లమొహం వేసి, "రెండూ ఒకటే కదమ్మా, భయం కోసమేగా చూసేది" అన్నాడు. "ఒకటెట్లా అవుతాయయ్యా!" అంటూ నేను మధ్యలో దూరాను. గొంతు కాస్త పెద్దగానే లేచినట్టుంది, పక్కవాళ్ళు తిరిగి చూశారు. మనవరాలు సిగ్గుపడి నా కొంగు లాగింది. ఇంటికొచ్చే దారి పొడుగునా నాకు కుట్టు పిన్నమ్మే గుర్తొస్తూ ఉంది.

ఆమె అసలు పేరు నాకు తెలియదు. అప్పుడు అడగాలని తోచలేదు, ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. యుద్ధం రోజుల్లో నేను నరసరావుపేటలో కోడలిగా అడుగుపెట్టేనాటికే ఆమె మా పేటలో అందరికీ కుట్టు పిన్నమ్మ. సాయిబుల ఇంటావిడ. నలభై అయిదేళ్ళుంటాయేమో. భర్త పోయాడు, పిల్లల్లేరు. చేత్తో తిప్పే కుట్టుమిషను ఒకటుండేది. మా వీధి ఆడవాళ్ళ రవికలన్నీ ఆ మిషను కిందనుంచి వచ్చినవే. టేపు పెట్టి కొలతలు తీసుకోవడం ఆమెకు నామోషీ. వెనక్కి తిరగమని ఒకసారి చూసి, "ఒళ్ళు చేశావే పిల్లా" అనేసేది. రవిక ఒంటికి అతికినట్టు సరిపోయేది. ఆ మాట పడలేక నేను రెండు మూడు రోజులు నెయ్యి మానేసిన సందర్భాలున్నాయి.

ఆమె ఇల్లు ఊరి చివర, ఖబరస్తాన్ గోడకి ఆనుకుని ఉండేది. వాకిట్లో నిలబడితే గోడ మీంచి సమాధులు కనపడతాయి. పొద్దున్నే లేచి ముందు ఆ గోడ వైపు తిరిగి సలాం పెట్టేది. ఆ తర్వాతే పొయ్యి ముట్టించేది. రవిక ఇవ్వడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

"భయవా?" అంది.

"అదీ... సమాధులు కదా" అన్నాను.

"మా ఆయనుండాడు అందులో. బతికున్నప్పుడే ఒక్క మనిషిని బెదిరించి ఎరగడు. సచ్చినాక బెదిరిస్తాడా?" అని, నా చేతిలో గుడ్డ లాక్కుని మడత విప్పి చూసింది. "మా ఇరుగు పొరుగులో గొడవ పెట్టుకోనోళ్ళు ఆళ్ళే. రా, కూసో."

ఆమె పోయిన సంగతి నాకు రెండేళ్ళు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి మేము గుంటూరు మారిపోయాం. ఆ గోడ అవతలే, ఆయన పక్కనే పెట్టారని చెప్పారు. దుఃఖం వచ్చింది కానీ, ఆమె విషయంలో భయంలాంటిది, జాలిలాంటిది ఏమీ కలగలేదు. తెలిసిన వీధిలోనే ఇల్లు మారినట్టనిపించింది.

ఆమెకి సినిమాల పిచ్చి. పిచ్చి అంటే అలాంటిలాంటిది కాదు. ఊళ్ళో ఒక రేకుల హాలు ఉండేది. ఆయిలు ఇంజను పెట్టి బొమ్మ ఆడించేవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నం మ్యాట్నీకి ఆడవాళ్ళు ఎక్కువగా వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళ వైపుకీ మగవాళ్ళ వైపుకీ మధ్య రొమ్మెత్తు గోడ. రేకులకి మేకుల చిల్లులుండేవి, వాటిలోంచి ఎండ పడి మా చీరల మీద చుక్కలు కదులుతూ ఉండేవి. తెలుగు బొమ్మలు తక్కువ వచ్చే రోజులు. వచ్చేవాటిలో హిందీవి చాలా ఉండేవి, మాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. పిన్నమ్మ మధ్యలో కూర్చుని, అందరికీ వినపడేలా తెలుగులో చెప్పేది. బొంబాయి జమీందారు సూటూ బూటూ వేసుకుని ఇంగ్లీషు కుర్చీలో కూర్చుని ఏదో అనేవాడు. వెంటనే పిన్నమ్మ, "ఏందిరో, నాతోనా నీ యవ్వారం అంటన్నాడు" అనేది. నాకు చాలా ఏళ్ళు బొంబాయివాళ్ళందరూ మా గురజాల వైపు వాళ్ళలాగే మాట్లాడుకుంటారని ఒక నమ్మకం ఉండిపోయింది.

ఆమె లెక్కలో బొమ్మలు రెండే రకాలు. దడ బొమ్మ, దెయ్యం బొమ్మ. పాటలవీ ఏడుపువీ కూడా ఉండేవి కానీ వాటిని ఆమె బొమ్మల్లో చేర్చేది కాదు. కొత్త బొమ్మ వచ్చిన మొదటి రోజే తనొక్కతే వెళ్ళి చూసొచ్చేది. ఆదివారం మేము హాలు దగ్గరికి చేరేసరికి గేటు పక్కన గుడ్డసంచి పట్టుకుని నిలబడి ఉండేది. అందరం చుట్టూ మూగి, "పిన్నమ్మా, ఏం బొమ్మ?" అని అడిగేవాళ్ళం.

"మనిషే. రండి" అంటే దడ బొమ్మ. అందరం టిక్కెట్లు తీసుకునేవాళ్ళం. "నేనింటికి పోతన్నా" అంటే దెయ్యం బొమ్మ. ఆ మాటతో ఆడవాళ్ళ వైపు సగం ఖాళీ. హాలు మేనేజరు ఒకసారి చేతులు జోడించి బతిమాలాడు.

"పిన్నమ్మగారూ, మీరు లోపలికి రాకపోతే పోయారు. బయట నిలబడి ఆ మాటన్నా అనకుండా ఉండండి."

"అడిగితే చెప్పకుండా ఎట్టా ఉండేదయ్యా? సచ్చినోళ్ళని పట్టుకుని ఆడిపోసుకోటం నాకు గిట్టదు. ఆళ్ళు తిరిగొచ్చి జవాబు చెప్పుకోలేరని గదా మీ ధైర్యం?"

మేనేజరు ఆ తర్వాత ఆమెను టిక్కెట్టు లేకుండా లోపలికి పంపించేవాడు, దెయ్యం బొమ్మలు తెప్పించడం కూడా తగ్గించాడు.

దడ బొమ్మంటే ఏమిటో ఆమె ఒకసారి నాకు వివరంగా చెప్పింది. రవికకి చంకలో బట్ట చాలక అతుకు వేస్తూ చెప్పింది. "తలుపు ఎనకాల ఎవురో ఉండారని గుండె కొట్టుకోవాల. అట్టా కొట్టుకుంటా ఉండగా తలుపు తీస్తే మనిషుండాల. దొంగో, దొరో, పిచ్చోడో, ఎవుడో ఒకడు. అప్పుడు గుండె మళ్ళా దాని చోట్లో అది పడిద్ది. తలుపు తీస్తే ఏవీ లేకుండా గాలొచ్చిందనుకో, ఆ గుండె ఇంక ఎక్కడ పడాల? అట్టాగే ఇంటికి మోసుకుపోవాల." పంటితో దారం తెంపి, "ఇంకోటి కూడా ఉండాది. భయవేస్తే ఎనక్కి పరిగెత్తేది దెయ్యం బొమ్మ. ముందుకు పొయ్యేది మన బొమ్మ" అంది.

హాల్లో కూర్చున్నప్పుడు ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు. సంచిలోంచి రవికలు తీసి, తెర వెలుతురులోనే కాజాలు కుట్టేది. చూపు తెర మీద, సూది దాని దారిన అది. కొన్నాళ్ళకి మేమొక సంగతి కనిపెట్టాం. బొమ్మలో ఏదో జరగబోయే ముందు ఆమె సూది ఆగుతుంది. ముందే చూసొచ్చిందిగా, చెయ్యి దానంతటదే నిలిచిపోయేది. ఇంకేం, అందరం తెర మానేసి ఆమె చేతుల్ని చూడడం మొదలుపెట్టాం. సూది ఆగితే కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళం. రెండు వారాల్లో ఆమె పసిగట్టింది. "బొమ్మ అక్కడా, ఇక్కడా?" అని కసిరింది. ఆ తర్వాత నుంచి మమ్మల్ని ఏడిపించడానికి ఏమీ లేనిచోట సూది ఆపేది. హీరో కాఫీ తాగుతుంటే ఆపేది. మేము కొయ్యబారిపోయి చూస్తుంటే, అతను కప్పు కింద పెట్టేవాడు, అంతే. ఆమె భుజాలు కదులుతూ ఉండేవి, నవ్వు ఆపుకోలేక.

బొమ్మ వేసే మిషను ఒకటే కాబట్టి ప్రతి రీలుకీ బొమ్మ ఆగేది. ఆ సందులో, "చెప్పు పిన్నమ్మా, చంపిందెవరు?" అని ప్రాణం తీసేవాళ్ళం. "నాకేం తెలుసే, నేనూ మీతోపాటే చూస్తన్నా" అని నిలువునా అబద్ధమాడేది. చివర చెప్పకపోవడం ఆమెకి నోములాంటిది. ఒకామె కొత్త రవిక కూలి రెండింతలిస్తానన్నా చెప్పలేదు.

ఆ నోము ఆమె ఒక్కసారే తప్పింది. అది మా ఇంటి కోసం.

మా మరిది భార్య, నాకు తోడికోడలు, పంతొమ్మిదేళ్ళ పిల్ల. మాచర్ల వైపు నుంచి వచ్చింది. తొలికానుపు మగబిడ్డ. నలభై రోజులు నిండకుండానే జ్వరం తగిలి పోయాడు. పసిబిడ్డ కాబట్టి వాగు ఒడ్డున పాతిపెట్టారు. నెల రోజుల తర్వాత, దీపాలు పెట్టే వేళ పెరటి వైపు నుంచి పసివాడి ఏడుపు వినపడుతోందని ఆ పిల్ల అంది. బెంగ పెట్టుకుందనుకున్నాం. మూడోనాడు నేనూ విన్నాను. సన్నగా, సాగదీస్తూ, ఆగి ఆగి, మళ్ళీ మొదలుపెడుతూ. నేను వంటింట్లోకి పరిగెత్తి తలుపు గడియ పెట్టుకున్నాను. ఆ పిల్ల మాత్రం పెరట్లోకి వెళ్ళి నిలబడింది.

తర్వాత మా అత్తయ్య కూడా విన్నది. ఆమె చెడ్డమనిషి కాదు. నెల కిందటే మనవణ్ణి పోగొట్టుకున్న ముసలామె. "బిడ్డ తల్లిని ఒదల్లేక తిరుగుతన్నాడు. కట్టు కట్టించకపోతే ఇంకో కానుపు నిలవదు" అని మంత్రగాణ్ణి పిలిపించింది. అతను వచ్చి, అమావాస్యనాడు వాగు ఒడ్డున పాతిన చోట నాలుగు మూలలా నాలుగు ఇనప మేకులు, నడిమధ్యలో ఒకటి కొట్టాలన్నాడు. అమావాస్య పది రోజుల్లో ఉంది.

ఆ పిల్ల మర్నాడు నేను బియ్యం కడుగుతుంటే వచ్చి నా పాదాలు పట్టుకుంది.

"అక్కా, మూలల్లో కొట్టుకుంటే కొట్టుకోనీ. నడిమధ్యలో వద్దని చెప్పక్కా. వాడు జానెడు లేడు. మేకు ఎక్కడ దిగిద్దో..."

నేను అత్తయ్యకి ఎదురు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేనూ ఆ ఏడుపు విన్నాను, నేనూ నమ్మాను. మా ఆయన కోర్టులో గుమాస్తా, ఊరందరి తగాదాలూ రాసేవాడు, తల్లి ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. నా పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎవరికీ చెప్పుకోలేక, రవిక తెచ్చుకునే వంకతో వెళ్ళి పిన్నమ్మ దగ్గర ఏడ్చాను.

ఆమె మిషను తిప్పడం ఆపింది. "ఏడుపినపడితే ఆ పిల్ల ఎటు పోద్ది? లోపలికా, బయటికా?"

"బయటికే. పెరట్లోకి పోయి నిలబడుతుంది."

"అట్టయితే భయం ఆమెకి కాదు, మీకు" అంది. గోడ వైపు ఒకసారి చూసింది. "ఆదివారం మ్యాట్నీకి తీసుకురా. కొత్త బొమ్మొచ్చింది. నిన్న చూశా."

"ఏం బొమ్మ?"

"మనిషే."

రవికల పని ఉందని అత్తయ్యకి చెప్పి తీసుకెళ్ళాను. బొమ్మ మొదలైన కాసేపటికే ఈ పిల్లని ఎందుకు తెచ్చానా అనుకున్నాను. ఒక పెద్ద మేడ. అందులో ఒంటరిగా ఒక ఇల్లాలు. ఆమె బిడ్డ చనిపోయి ఉంటాడు. ప్రతి సాయంత్రం గోడలోంచి పసిబిడ్డ ఏడుపు. ఊరందరూ ఆమెకు పిచ్చెక్కిందంటారు. హాల్లో ఆ ఏడుపు మొదటిసారి వినపడగానే ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. మా తోడికోడలు రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నా చెయ్యి ఆమె చేతిలో ఉంది, నా గాజు ఒకటి చిట్లింది. పిన్నమ్మ గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది. "ఆ గోడ ఎనకాల ఏవుందో సూడాలంటందీమె. వద్దంటన్నాడు మరిది. ఎందుకొద్దంటన్నాడో సూడండి" అంటూ, కాజాలు కుట్టుకుంటూ చెబుతోంది.

ఇల్లాలు గునపం పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ రీలు అయిపోయింది. ఇంకొక్క రీలే ఉంది. దాన్ని ఎక్కిస్తుండగా బయట ఇంజను దగ్గి, దగ్గి, ఆగిపోయింది. యుద్ధం రోజులు, ఆయిలు దొరకడం కష్టం. మేనేజరు వచ్చి, మిగతా బొమ్మ వచ్చే ఆదివారం ఇవే టిక్కెట్ల మీద చూపిస్తామన్నాడు. మగవాళ్ళ వైపు ఈలలు, కేకలు. మా తోడికోడలు లేచి నిలబడింది.

"చూశావా అక్కా, గోడలోంచి కూడా ఏడుస్తారు" అంది.

పిన్నమ్మ రవికలు సంచిలో పడేసి ఆ పిల్ల ముందుకొచ్చింది. చుట్టూ ముప్పైమంది ఆడవాళ్ళున్నారు. అందరూ వింటుండగా చివర చెప్పేసింది.

"గోడ ఎనకాల గ్రామఫోను పెట్టె ఉంటదమ్మాయ్. ఆ మరిదే పెట్టాడు, ఆస్తి కోసం. పిల్లోడి ఏడుపు పలక మీద ఎక్కించి రోజూ తిప్పుతన్నాడు. బిడ్డ కాదు. మనిషి చేసిన పని."

పిన్నమ్మ చివర చెప్పిందన్న ఆశ్చర్యం అందరికీ కథ కంటే ఎక్కువైంది. ఆ పిల్ల మాత్రం తల అడ్డంగా ఊపింది.

"నా కోసం కల్పించి చెబుతున్నావు పిన్నమ్మా. నువ్వు చివర ఎప్పుడూ చెప్పవంట గదా."

అంతే. ఆమె ఇన్నేళ్ళు పట్టిన నోమే ఆమెకు అడ్డం తగిలింది. పిన్నమ్మ సంచి చంకన పెట్టుకుని, "పదండి. మీ ఇంటికే పోదాం" అంది.

మేము ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. రవికలు ఇవ్వడానికి వచ్చానని అత్తయ్యతో చెప్పి, పిన్నమ్మ పెరటి అరుగు మీద చతికిలబడింది. మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నాపరాళ్ళ గోడ, దానికొక చిన్న తలుపు.

"బిడ్డ పోయినకాణ్ణుంచి ఈ ఇంటికి రాకుండా మానేసిందెవురు?" అని అడిగింది.

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "వచ్చేదెవరా అని అడగాలిగాని..."

"వచ్చేటోళ్ళు కనపడతానే ఉంటారు. బొమ్మల్లో ఎప్పుడూ చిక్కు రాకుండా పోయినోళ్ళ కాడే ఉంటది. చెప్పు."

"పక్కింటి వదిన. మా బావిలో మంచినీళ్ళు కదా, రోజూ ఆ తలుపులోంచి వచ్చి తోడుకునేది. మైల రోజుల్లో ఆగిపోయింది. మైల తీరాక కూడా రాలేదు. తలుపు వేసే ఉంది."

"నా నీడ పడకూడదనుకుంది" అంది మా తోడికోడలు. "ఆమెకీ మగపిల్లాడే. మావాడికంటే పది రోజులు పెద్ద."

అత్తయ్య దీపం వెలిగించింది. కాసేపటికి ఏడుపు మొదలైంది. సన్నగా, సాగదీస్తూ. అత్తయ్య దణ్ణం పెట్టుకుంటూ లోపలికి వెళ్ళింది. నేనూ లేచాను. పిన్నమ్మ నా కొంగు పట్టి ఆపింది. "ముందుకు" అంది. మా తోడికోడలి చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి నడిచి, గడియ తీసి, ఆ చిన్న తలుపు తోసింది.

అవతల పక్కింటి వదిన. చంకలో పిల్లాడు నిద్రపోతున్నాడు. కాలితో తొక్కిపట్టుకుంటూ ఒంటిచేత్తో చేంతాడు లాగుతోంది. ఏనాడో వాడకం మానేసిన వాళ్ళ ఉప్పునీళ్ళ బావి మీద పాత కొయ్య గిలక. తాడు లాగినప్పుడల్లా అది ఏడుస్తోంది. మమ్మల్ని చూసి ఆమె ముందుగా చేసిన పని, పైట తీసి పిల్లాడి మీద కప్పడం.

"మంచినీళ్ళ బావి పక్కనుంచుకుని ఈ ఉప్పునీళ్ళేందమ్మా?" అని పిన్నమ్మ అడిగింది.

"ఈణ్ణి చంకనేసుకుని ఆ పెరట్లోకి ఎట్టా వచ్చేది పిన్నమ్మా? ఆమె చూస్తే పేగు తరుక్కుపోదా? ఇన్నాళ్ళు వీధి బావి నుంచి మోసుకున్నా, చేతకాక ఇప్పుడు ఆమె కంటపడకుండా దీపాలు పెట్టినాక తోడుకుంటన్నా" అని, పక్కింటి వదిన ఏడ్చేసింది.

నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు వెనక దెయ్యం లేదు, దుర్మార్గుడూ లేడు. అత్తయ్య వచ్చి ఆ గిలకను తన చేత్తో రెండుసార్లు తిప్పి చూసి, అక్కడే బావిగట్టు మీద కూలబడింది. ఆ రాత్రే మంత్రగాడికి రావద్దని కబురు పంపింది. మేకులు తప్పాయి. పిన్నమ్మను నేను కావిలించుకున్నాను. "చెప్పలా, మనిషేనని" అని ఆమె గర్వంగా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు ఎంత బాగుందో.

మా తోడికోడలు మాత్రం గిలకను చూసింది, పైట కింద పిల్లాణ్ణి చూసింది, ఇంట్లోకి వెళ్ళింది. కుదుటపడిందనుకున్నాం. మర్నాడే పక్కింటి వదిన సిగ్గుపడి గిలకకి ఆముదం పట్టించింది. చప్పుడు ఆగిపోయింది. ఆ వారమంతా మా తోడికోడలు సాయంత్రం పెరటి అరుగు మీద కూర్చునేది, చీకటి పడ్డాక లోపలికి వచ్చి అన్నం వద్దనేది. ఎందుకని నేను అడగలేదు. బాలింత నీరసం అనుకున్నాను.

ఆదివారం ఇంజను బాగైంది. పాత టిక్కెట్లతో అందరం వెళ్ళాం. ఆఖరి రీలు పడింది. ఇల్లాలు గోడ పగలగొట్టింది. లోపల గ్రామఫోను పెట్టె, తిరుగుతున్న పలక. పిన్నమ్మ చెప్పింది నిజమేనని ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. హీరో వచ్చి, ఆ పలక తీసి, నేలకేసి కొట్టడానికి చెయ్యెత్తాడు.

"పగలగొట్టొద్దు!" అని ఒక కేక వినపడింది.

మా తోడికోడలు లేచి నిలబడి ఉంది. తెర మీద పలక ముక్కలైంది. ఆ పిల్ల మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. "ఆమెకి అదొక్కటే కదక్కా మిగిలింది. ఎవడు పెట్టినా, ఏడుపు ఏడుపే కదా. అదీ తీసేశారు" అంది.

పిన్నమ్మ సూది ఆగింది. ఈసారి మమ్మల్ని ఏడిపించడానికి కాదు. తెర మీద అందరూ నవ్వుతూ ఏదో మాట్లాడుకుంటున్నారు, ఆమె తెలుగులో చెప్పడం మానేసింది. బొమ్మ అయిపోయి జనం కదిలాక గానీ ఆమె లేవలేదు.

దారిలో నాతో అంది. "ఇన్ని బొమ్మలు చూశా. తలుపు తీస్తే సాలనుకున్నా. తీసినాక ఆ తల్లికి ఏం మిగిలిద్దో సూడలేదు పిల్లా. మా ఆయనకి పొద్దున్నే సలాం పెడతా. ఒకవేళ ఎవురన్నా వచ్చి అక్కడ ఆయన లేడే అని నిరూపిస్తే నా గతేంది?" ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూడడం అదొక్కసారే.

మా ఇంటికి రాకుండా తిన్నగా పక్కింట్లోకి వెళ్ళింది. పొయ్యిలోంచి బూడిద అడిగి తెచ్చుకుంది. సంచిలోంచి గుడ్డపీలికలు తీసి, బావిగట్టు ఎక్కి, గిలక ఇరుసుకి పట్టించిన ఆముదమంతా బూడిదతో రుద్ది రుద్ది తుడిచింది. పక్కింటి వదిన అర్థంకాక నిలబడి చూసింది. "నూనె పెట్టమాక. ఆ పిల్ల వినాల" అని మాత్రం చెప్పింది పిన్నమ్మ. అరగంట పట్టింది ఆ పని. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

దీపాలు పెట్టే వేళ మా తోడికోడలు అరుగు మీద కూర్చుని ఉంది. గోడకున్న చిన్న తలుపు బార్లా తీసి ఉంది. అవతల పిల్లాణ్ణి చంకనేసుకుని పక్కింటి వదిన చేంతాడు పట్టుకుంది. లాగే ముందు ఒక్క క్షణం ఆగి, ఇటు తిరిగి పిలిచింది.

"వదినా, తోడుకుంటన్నా."

మా తోడికోడలు కొంగు సర్దుకుని, చెవి అటు పెట్టింది.

"తోడుకో వదినా" అంది.